మూడు వేసవులు జర్మనీలో: ఈ-సిమ్, రైలు టికెట్ యాప్ వాడాక

కాజీపేటలో బుకింగ్ క్లర్క్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. అట్ట టికెట్‌ను తేదీ మిషన్‌లో పెట్టి టక్కున కొట్టి కిటికీలోంచి ఇచ్చిన రోజులూ చూశాను, తత్కాల్ తెరిచే వేళకు కంప్యూటర్ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న రోజులూ చూశాను. మా బిడ్డ ఉద్యోగం జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. 2023, 2024, 2025 వేసవుల్లో నేనూ మా ఇంటామె అక్కడికి వెళ్లి, ఒక్కోసారి రెండున్నర నెలలు ఉండి వచ్చాం. బిడ్డా అల్లుడూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. కాబట్టి ఫోన్ పనిచేయడం, రైలు టికెట్ కొనుక్కోవడం మా ఇద్దరి పనే. హనుమకొండలో చాలామంది తెలిసినవాళ్లు పిల్లల దగ్గరికి పోయే ముందు నన్ను ఇవే అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఓటీపీ గురించి. మొదటి ఏడాది అక్కడి ప్రీపెయిడ్ సిమ్ కొన్నాం. పాస్‌పోర్ట్ చూపిస్తే గానీ అది పనిచేయడం మొదలుపెట్టదు, అక్కడి చట్టం అది. నా ఫోన్‌లో రెండు సిమ్‌లకే చోటు ఉంది, రెండూ మన దేశానివే. ఒకటి తీసి డబ్బాలో పెట్టి దాని చోట జర్మనీ సిమ్ వేశాను. తీసింది బ్యాంకుకు ఇచ్చిన నంబర్ అని అప్పుడు నాకు తట్టలేదు. రెండు వారాల తర్వాత రాత్రి పారిస్ టికెట్ కొనబోయాను. పేర్లు కొట్టాను, కార్డు నంబర్ కొట్టాను, ఓటీపీ పెట్టమని తెర అడిగింది. అది రాదు కదా. సిమ్ ఏ డబ్బాలో పెట్టామో ఇద్దరం వెతికి, సూది దొరక్క మా ఇంటామె చెవి కమ్మ కొనతో ట్రే తీసి, సిమ్ మార్చి మళ్లీ మొదటి నుంచి చేస్తే కార్డు ఒప్పుకోలేదు. విదేశీ లావాదేవీలు ఆ కార్డు మీద ఆఫ్‌లో ఉన్నాయి. రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన నియమం ప్రకారం కార్డుకు విదేశీ వాడకం మనం అడిగి తెరిపించుకుంటేనే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ఒక మీట నొక్కితే అయిపోతుంది, కానీ అది ఇంటి దగ్గరే నొక్కి పోవాలి. ఆ రాత్రి చూసిన ధర పొద్దునకు లేదు. మనిషికి 30 యూరోలు ఎక్కువ పెట్టి కొన్నాం.

అందుకని రెండో ఏడాది ఈ-సిమ్‌కు మారాను. ఈ-సిమ్ అంటే ప్లాస్టిక్ ముక్క ఉండదు. కంపెనీ పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ నెట్‌వర్క్ ఫోన్‌లోకి దిగిపోతుంది. అన్ని ఫోన్లూ దీన్ని తీసుకోవు. ఫోన్‌లో *#06# కొట్టండి, ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని ఇంకొకటి కనబడితే మీ ఫోన్‌కు ఈ-సిమ్ సదుపాయం ఉన్నట్టే. క్యూఆర్ కోడ్‌ను అదే ఫోన్ తెర మీద చూస్తూ స్కాన్ చేయడం కుదరదు కాబట్టి, మా ఇంటామె తన ఫోన్‌లో కోడ్ తెరిచి పట్టుకుంటే నేను స్కాన్ చేశాను. ఇది ఇంట్లో వై-ఫై ఉన్నప్పుడే చేయండి. దింపుకోవడానికి కూడా ఇంటర్నెట్ కావాలి. ఒకసారి దిగినదాన్ని పొరపాటున డిలీట్ చేయకండి, చాలా ప్లాన్లలో ఆ కోడ్ రెండోసారి పనిచేయదు.

ఇప్పుడు నా ఫోన్ అమరిక ఇట్లా ఉంటుంది. బ్యాంకుకు ఇచ్చిన ఇండియా సిమ్ లోపలే ఉంటుంది, రోమింగ్ తెరిపించి, వ్యాలిడిటీ రీచార్జ్ చేసి. దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేస్తాను. డేటా అంతా ఈ-సిమ్ మీద, దాని డేటా రోమింగ్ ఆన్‌లో. ఈ రెండూ తారుమారైతే ఒకవైపు ఇంటర్నెట్ రాదు, ఇంకోవైపు బిల్లు వస్తుంది. ఇండియా నంబర్‌కు ఎస్ఎంఎస్‌లు వస్తాయి, ఓటీపీ అందుతుంది. కాల్ వస్తే ఎత్తను, రోమింగ్‌లో ఎత్తినందుకు కూడా డబ్బు పడుతుంది. వాట్సాప్ పాత నంబర్ మీదే నడుస్తుంది, నంబర్ మార్చమని అడిగితే వద్దని చెప్పాలి. చుట్టాలందరికీ వాట్సాప్‌లోనే చేయమని ముందే చెప్పి పోతాం.

ఇక్కడ ఒక్క మాట. దుబాయ్ మీదుగా పోయేవాళ్లు అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో వాట్సాప్ కాల్ కలవకపోతే కంగారు పడొద్దు. ఆ దేశంలో వాట్సాప్ కాల్స్‌ను ఆపేశారు. మెసేజ్, వాయిస్ నోట్ పోతాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఈ-సిమ్‌తో మూడో ఏడాది ఒక దెబ్బ తిన్నాం. రైన్ జలపాతం చూద్దామని మేమిద్దరమే స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజన్‌కు బయలుదేరాం. ఒక కంపెనీ దగ్గర "యూరప్" అని రాసి ఉన్న ప్లాన్ కొన్నాను, దేశాల జాబితా తెరిచి చూడలేదు. సరిహద్దు దాటగానే నెట్ పోయింది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 2017 జూన్ నుంచి అదనపు రోమింగ్ చార్జీలు లేవు, కానీ స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. కంపెనీకి మెసేజ్ పెడదామంటే దానికీ నెట్ కావాలి. జలపాతం చూసినంతసేపు బాగానే ఉంది. సాయంత్రం స్టేషన్‌కు వచ్చాక తిరుగు టికెట్ కోసం చూస్తే అది మెయిల్‌లో ఉంది, మెయిల్ తెరుచుకోదు, పైన చిన్న సున్నా తిరుగుతూనే ఉంది. టికెట్ ఇంట్లో మరిచిపోయానయ్యా అని నా కిటికీ ముందు నిలబడ్డ మనుషుల మొహాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బెంచీ మీద ఉన్న ఒక కుర్రాణ్ణి అడిగితే తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాడు. రెండు నిమిషాల్లో పీడీఎఫ్ దిగింది. ఇంటికి వచ్చాక మా బిడ్డ అన్నది, "బాపూ, మెయిల్‌లో ఉంటే టికెట్ ఉన్నట్టు కాదు. ఫోన్‌లోకి దించుకో, ఒకటి ప్రింట్ తీసుకో" అని. అప్పటి నుంచి రెండూ చేస్తున్నాను. ప్రింట్ మా ఇంటామె సంచిలో ఉంటుంది.

ఇక టికెట్ల సంగతి. అక్కడి రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లోనే నా కొనుగోళ్లన్నీ. వాడినన్ని రోజులూ నాకు బాగా నచ్చిన యాప్ ఇది. రిజర్వేషన్ అంటే వెయిటింగ్ లిస్ట్, ఆర్ఏసీ, చార్ట్ అని ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి కాబట్టి మొదట్లో దాని తీరు అర్థం కాలేదు. అక్కడ టికెట్ వేరు, సీటు వేరు. ఐసీఈ అనే వేగం బండికి కూడా సీటు లేకుండా టికెట్ కొనొచ్చు, ఎక్కి ఖాళీ ఉన్నచోట కూర్చోవచ్చు. సీటు కావాలంటే సుమారు 5 యూరోలు అదనం. మా వయసు వాళ్లు ఆ డబ్బు పెట్టాల్సిందే. పెట్టెలు పట్టుకుని మూడు డబ్బాలు వెతకడం మోకాళ్లకు మంచిది కాదు. ఫ్రాన్స్ వాళ్ల టీజీవీ అనే వేగం బండ్లకు మాత్రం సీటు తప్పనిసరి, అది టికెట్‌లోనే కలిసి వస్తుంది.

ధర మాత్రం విమానం టికెట్ లాగా మారుతూ ఉంటుంది. అన్నిటికంటే తక్కువది సూపర్ స్పార్‌ప్రైస్, అది ఆ బండికే చెల్లుతుంది, రద్దు చేస్తే డబ్బు రాదు. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదు ఎక్కువ, ఆ రోజు ఏ బండైనా ఎక్కొచ్చు. స్టుట్‌గార్ట్ నుంచి బెర్లిన్‌కు నెలన్నర ముందు కొంటే మాకు మనిషికి 29.99 యూరోలు పడింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు అదే బండి ధర చూస్తే వంద దాటింది. తేదీ ఖాయమైతే ముందే కొనడమే మేలు. దిగిన రోజు విమానాశ్రయం నుంచి పోయే బండికి మాత్రం చవక టికెట్ కొనకండి. విమానం ఆలస్యమైతే ఆ డబ్బు పోతుంది.

తక్కువ ధర టికెట్ కొన్నా ఒక రక్షణ ఉంది. గమ్యానికి 20 నిమిషాలు, అంతకంటే ఎక్కువ ఆలస్యంగా చేరతారని తెలిస్తే ఆ బండికే కట్టుబడే షరతు పోతుంది, తర్వాతి బండి ఎక్కొచ్చు. గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం అడిగి తీసుకోవచ్చు. మన దగ్గర బండి మూడు గంటలు దాటి లేటైతే ప్రయాణం మానుకుని టీడీఆర్ అనే వాపసు అర్జీ పెడితేనే డబ్బు తిరిగి వస్తుంది. అక్కడ ప్రయాణం చేసినా కొంత తిరిగి ఇస్తారు. కౌంటర్‌లో కూర్చున్నవాడిగా ఈ నియమం చూసి నాకు సంతోషం వేసింది.

ఊళ్లో తిరగడానికి, చుట్టుపక్కల ఊళ్లకు డోయిచ్‌లాండ్ టికెట్‌ను మించింది లేదు. 2023 మే 1న 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. నెలంతా దేశంలో ఎక్కడైనా ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరపు బండ్లకు చెల్లదు. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేస్తేనే నెలాఖరుకు ఆగుతుంది. ఊరికి తిరిగొచ్చే నెలలో ఈ తేదీని మా ఇంటామె క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో చుట్టి పెడుతుంది.

స్టేషన్ పేరు మొత్తం చదవాలి. వరంగల్‌కు టికెట్ తీసుకుని కాజీపేటలో నిలబడ్డవాళ్లను ఎంతమందిని చూశానో. అక్కడా అంతే. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే రెండు స్టేషన్లు, దూరపు బండ్లది ఒకటి, ప్రాంతీయ బండ్లది ఒకటి. కొలోన్‌లో నది ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి. ఫ్రాంక్‌ఫర్ట్ అనే పేరుతో పోలండ్ సరిహద్దులో ఇంకో ఊరే ఉంది. ప్లాట్‌ఫామ్ మీద ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులుంటాయి. మీ డబ్బా ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్ బొమ్మ గీసి చూపిస్తుంది. అప్పుడప్పుడు డబ్బాల వరుస తిరగబడి వస్తుంది, కాబట్టి బండి వచ్చే ముందు ఇంకోసారి చూసుకోండి.

బెర్లిన్ బండిలో ఎదురైన కండక్టర్ ఆడమనిషి. నా ఫోన్ తెర మీది కోడ్‌ను చేతి మిషన్‌తో చూసింది, ఒక చిన్న బీప్. పేరుకు పాస్‌పోర్ట్ చూపించాను. బ్యాటరీ 6 శాతం ఉంది అప్పటికి. సీటు కింద ప్లగ్ ఉంటుంది, మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి రంధ్రాల్లో పట్టదు, అడాప్టర్ చేతిసంచిలో పెట్టుకోండి. ఆమె పోబోతుంటే నేనూ రైల్వేలో టికెట్లు ఇచ్చేవాణ్ణని ఇంగ్లీషులో చెప్పాను. ఆగి, నవ్వి, నాకు చేయి కలిపింది.

జూన్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ప్లాన్‌లో దేశాల జాబితా చదివి స్విట్జర్లాండ్ ఉన్నదే తీసుకున్నాను. కార్డు మీద విదేశీ వాడకం మీట నిన్ననే ఆన్ చేశాను.