మెంఫిస్ ఫర్నిచరా, మురానో గాజా: సొట్‌సాస్ వస్తువుల్లో ఏది కొనాలి?

ఇటలీ డిజైనర్ ఎత్తోరే సొట్‌సాస్ అనగానే అందరూ ముందు అడిగేది కార్ల్‌టన్ గురించే. 1981 సెప్టెంబరులో మిలాన్‌లో మెంఫిస్ బృందం (సొట్‌సాస్ నడిపిన డిజైనర్ల గుంపు) పెట్టిన మొదటి ప్రదర్శనలోది. దాన్ని పుస్తకాల అల్మారా అనాలో, గది మధ్యలో పెట్టే అడ్డు అనాలో, చేతులు చాపి నిలబడ్డ దేవుడి విగ్రహం అనాలో మీ ఇష్టం. మూడోది అనిపించడంలో తప్పేం లేదు, ఆయన 1961లోనే మన దేశం తిరిగి వెళ్లాడు, 1964లో ఏకంగా శివుడికి నైవేద్యం అన్న పేరుతో సిరామిక్ పళ్లాలు చేశాడు.

మనిషి కన్నా ఎత్తు, దాదాపు అంతే వెడల్పు, లోతు చూస్తే 40 సెంటీమీటర్లే. పక్క అరలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పుస్తకాలు ఒరిగి కూర్చుంటాయి. వేలితో తట్టి చూస్తే లోపల చెక్క, పైన రంగుల ప్లాస్టిక్ లామినేట్, అంటే మన వడ్రంగులు వార్డ్‌రోబ్ తలుపులకి అంటించే సన్‌మైకా జాతే. అప్పట్లో ఇటలీలో అది కాఫీ బార్ల కౌంటర్లకీ వంటగదులకీ వాడే సరుకు, దాన్ని దర్జాగా హాల్లోకి తెచ్చి నిలబెట్టడమే ఈ బృందం చేసిన అల్లరి.

ఇక అసలు సంగతి. కార్ల్‌టన్ ఇప్పటికీ తయారవుతోంది. తాహితీ దీపం (బాతు మెడలా ఉంటుంది, అదీ 1981దే) కూడా అంతే, మెంఫిస్ మిలానో కంపెనీ దగ్గర కొత్తది దొరుకుతుంది. మరి 80ల నాటిదని చెప్పి ఎక్కువ అడిగేవాళ్లకి ఆ ఎక్కువ ఎందుకివ్వాలి? టేకు చెక్క అయితే వయసుతో అందం వస్తుంది అనుకోవచ్చు. లామినేట్‌కి వయసొస్తే వచ్చేది అందం కాదు, అంచులు లేవడం, మూలలు చిట్లడం, అదే డిజైన్ షీటు దొరక్క రిపేరు దగ్గర తల పట్టుకోవడం. వేలంలో మళ్లీ అమ్ముకునే ఉద్దేశం ఉంటే లెక్క వేరు, అక్కడ పాతదానికే గిరాకీ. ఆ గిరాకీ కూడా ఫ్యాషన్‌ని బట్టి ఊగేదే. ఫ్యాషన్ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ మోంటే కార్లో ఫ్లాటంతా మెంఫిస్‌తో నింపి 1991కల్లా వేలానికి పెట్టేశాడు, 2016లో గాయకుడు డేవిడ్ బోవీ సేకరణ లండన్‌లో సోథెబీస్ వేలానికి వచ్చినప్పుడు జనం అవే రకం వస్తువుల కోసం ఎగబడ్డారు.

అందుకే నా లెక్క ఇది: ఫర్నిచర్ కొత్తది కొనండి, గాజు పాతది కొనండి.

గాజు కథే వేరు. ఇదీ మెంఫిస్ కోసమే, కానీ సొట్‌సాస్ తాను ఊదలేదు, గీసి ఇచ్చాడు, వెనిస్ పక్కన మురానో దీవిలో తోసో వాళ్ల కొలిమి దగ్గర మేస్త్రీలు ఊది చేశారు. మనిషి ఊపిరితో అయ్యే పని కాబట్టి ఒకే డిజైన్‌లో రెండు ముక్కలు అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకదాంట్లో రంగు చిక్కగా దిగుతుంది, ఇంకోదాంట్లో పిడి కాస్త వంగుతుంది. ఎంచుకోవడంలో సరదా ఉండేది ఇక్కడే. 1982-83 వరుసకి నక్షత్రాల పేర్లు పెట్టారు: సిరియో, అల్టెయిర్, మిజార్, ఆల్కోర్. చివరి రెండూ ఎవరనుకున్నారు, పెళ్లిలో పంతులుగారు ఆకాశంలో చూపించే వశిష్ఠుడూ అరుంధతీ. జంటగా దొరికితే బాగుండు గానీ పర్సు ఒప్పుకోదు.

1986 వరుసకి గ్రీకు పురాణాల వాసన వేసే పేర్లు, క్లెసితేరా లాంటివి. చూడ్డానికి ఇవే ఎక్కువ ఆకట్టుకుంటాయి, పక్కలకి గాజు ముక్కలు వేలాడుతూ, అంటుకుంటూ, పూలకూజా అన్న సంగతే మర్చిపోయేలా ఉంటాయి. కానీ ఆ ముక్కల్ని వేడి మీద అతకలేదు, జిగురుతో అంటించారు. శతాబ్దాలుగా కొలిమినే నమ్ముకున్న మురానోలో జిగురు అంటే మడి వంట మధ్యలో ప్యాకెట్ మసాలా విప్పినట్టు. సొట్‌సాస్‌కి కావాల్సింది ఆ తెగింపే, కళగా చూస్తే నేనూ చప్పట్లు కొడతాను. కొనేవాడిగా మాత్రం జంకుతాను, ఎందుకంటే అతుకు ఊడిందంటే తిరిగి అంటించింది ఎవరో, ఎప్పుడో తేల్చడం కష్టం. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే చాలా రకాల జిగుర్లు మెరుస్తాయి కానీ ఈ వరుసలో అసలు జిగురే ఉంది కాబట్టి ఆ మెరుపు ఒక్కటే చూసి నమ్మకండి, ఒక అతుకుని ఇంకో అతుకుతో పోల్చి చూడండి. మొదటి వరుస మీద ఈ టెన్షన్ తక్కువ, నా ఓటు దానికే.

రెండూ అందని బడ్జెట్ అయితే ఇటలీ వంటసామాన్ల కంపెనీ అలెస్సీ ఉంది. సొట్‌సాసే 1978లో చేసిన 5070, నూనె, వెనిగర్, ఉప్పు, మిరియాలకి స్టీలు స్టాండులో నిలబెట్టిన గాజు సీసాలు, ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది, రోజూ భోజనాల బల్ల మీద వాడుకోవచ్చు. అదే కంపెనీకి అమెరికన్ ఆర్కిటెక్ట్ మైకేల్ గ్రేవ్స్ 1985లో చేసిన పిట్ట ఈలవేసే కెటిల్ కూడా సరదాగానే ఉంటుంది, కాకపోతే అది ఎంతమంది ఇళ్లలో ఉందంటే సేకరణ అనడానికి నాకు మనసొప్పదు.

కొనేముందు అడుగు భాగం ఫొటో అడగడం మర్చిపోవద్దు. గాజు మీద సొట్‌సాస్ పేరు, మెంఫిస్ పేరు, చేసిన కొలిమి పేరు చెక్కి ఉంటాయి. 80ల నాటిదని చెబుతుంటే ఆ మూడోది ముఖ్యం, తోసో అని ఉందా, తర్వాత చేసిన వేరే కొలిమి పేరుందా చూసుకోండి. ఫర్నిచర్‌కి చిన్న లోహపు బిళ్ల ఉంటుంది, దాని మీద 1981 అని చూసి పొంగిపోకండి, అది డిజైన్ గీసిన ఏడాది, వడ్రంగి చేసిన ఏడాది కాదు. ఫొటో పంపమంటే నసిగే అమ్మకందారు ఎంత తగ్గించినా వదిలేయండి.