కోడింగ్‌కి ఏఐ: డబ్బు కట్టే క్లౌడా, ల్యాప్‌టాప్‌లోనే నడిచే మోడలా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో మనవాళ్లు నలుగురు కలిస్తే ఇప్పుడు ఏఐ వాడాలా వద్దా అన్న వాదన రావడం లేదు. ఏది వాడాలన్నదే ప్రశ్న. వాడాల్సిందే అన్నది నా మాట కూడా.

ఖర్చు: క్లౌడ్‌లో నడిచే గిట్‌హబ్ కోడింగ్ టూల్ కోపైలట్ 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు నెలకు 10 డాలర్లు. 2024 చివర్లో పరిమితులతో ఉచిత ప్లాన్ కూడా పెట్టారు. మోడల్‌ని మీ ల్యాప్‌టాప్‌లోనే నడిపే ఒల్లామా సాఫ్ట్‌వేర్ ఉచితమే. కానీ 700 కోట్ల పారామీటర్లు (మోడల్ లోపలి అంకెలు) ఉన్న మోడల్‌ని, ఒక్కో అంకెను నాలుగు బిట్లకు కుదించినా నాలుగైదు జీబీ మెమరీ తినేస్తుంది. 8 జీబీ మెషీన్‌లో బ్రౌజర్, డాకర్ లాంటి డెవలపర్ టూల్స్ తెరిచాక ఇక ఊపిరాడదు. 16 ఉంటే నయం.

శ్రమ: క్లౌడ్‌కి లాగిన్ అయితే చాలు. లోకల్ (ల్యాప్‌టాప్‌లో నడిచేది) సెటప్‌కి ఒక ఆదివారం పోతుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. క్లౌడ్ అంటే మీ కోడ్ బయటి సర్వర్‌కి వెళ్తుంది. ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తేలాక 2023లో శామ్‌సంగ్ అలాంటి టూల్స్‌ని నిషేధించింది. క్లయింట్ కోడ్ మీద పనిచేస్తూ, మేనేజర్‌ని అడగకుండా పర్సనల్ అకౌంట్ వాడితే ఉద్యోగానికే ఎసరు. లోకల్‌లో ఆ టెన్షన్ లేదు, కోడ్ గడప దాటదు. లేని ఫంక్షన్‌ని ఉన్నట్టు రాసేయడంలో మాత్రం రెండూ రెండే. చిన్న మోడల్ ఇంకాస్త ఎక్కువ. టెస్టులు తప్పవు.

పెద్ద ప్రాజెక్టు, కంపెనీయే ఇచ్చిన లైసెన్స్: క్లౌడ్. బ్యాంకు క్లయింట్, బయటికి కోడ్ పంపకూడదు: లోకల్, అదీ కంపెనీ ఒప్పుకుంటేనే. ఇంటర్వ్యూలకు తిరుగుతున్న ఫ్రెషర్‌కి ఉచిత ప్లాన్ చాలు.