ఊరి భూమికి ఏ కట్టడి మేలు?

భోగాపురం విమానాశ్రయానికి పోయిన భూమి సుమారు 2,200 ఎకరాలు. దాని లెక్క అందరికీ తెలుసు. చుట్టుపక్కల, అటు డెంకాడ, ఇటు పూసపాటిరేగ వైపు, పొలాల్లో లేఅవుట్ రాళ్లు పాతుకుంటూ పోతున్న భూమి గురించే ఎవరూ గట్టిగా అడగడం లేదు. ఊళ్లో ఏ భూమి దేనికి వాడాలో చెప్పే నిబంధన ఉండాలా అంటే ఉండాలి. కానీ అది దేన్ని కాపాడటానికి? ఇది తేలకపోతే ఏ నిబంధనైనా రైతును ఆఫీసుల చుట్టూ తిప్పడానికే పనికొస్తుంది.

మొదటి దారి, సాగు భూమిని సాగుకే ఉంచడం. మాస్టర్ ప్లాన్‌లో పచ్చరంగు వేసి తాళం పెట్టడం. వినడానికి బాగుంటుంది. కానీ రోడ్డుకు ఇవతల ఉన్నవాడి భూమి గజాల్లో అమ్ముడుపోతుంటే, అవతల ఉన్నవాడు అదే వరి, అదే అప్పుతో మిగిలిపోతాడు. ఆ నష్టానికి ఎవరూ పైసా ఇవ్వరు. పైగా తాళం వేసినంత మాత్రాన సాగు నిలవదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని పడగొట్టింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆ కుటుంబం ఏం తినాలి? దానికి జవాబు లేకుండా భూమి అమ్మొద్దు అనడం అన్యాయం.

ఒక్కచోట మాత్రం తాళమే సరైనది, సముద్రం ఒడ్డున. 2019 తీర నిబంధనల ప్రకారం జనసాంద్రత తక్కువ ఉన్న పల్లె ప్రాంతాల్లో సముద్రపు పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలపై నిషేధం ఉంది. తుపాన్లు తరచూ తాకే మన తీరానికి అందులో సడలింపు అడగడం మంచిది కాదు.

రెండో దారి, రుసుము కట్టి మార్చుకోవడం. సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చుకోవడానికి తెచ్చిన 2006 నాలా చట్టం నడిపించిన పద్ధతి ఇదే. రైతుకు చేతిలో డబ్బు పడుతుంది, ప్రభుత్వానికి ఆదాయం వస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఇందులో ప్రతి సర్వే నంబరునూ విడిగా చూస్తారు. మన నీళ్లు అలా విడివిడిగా పారవు. పై చెరువు నిండితే మిగులు నీరు కింది చెరువుకు, అక్కడి మదుము (తూము) నుంచి కాలువకు, కాలువ నుంచి పొలం పొలానికి, చివరికి గెడ్డకు, అంటే వాగుకు చేరుతుంది. మధ్యలో రెండెకరాలు మట్టి పోసి మెరక చేస్తే, పై పొలం వానలో మునుగుతుంది, కింది పొలం ఎండుతుంది. అమ్మినవాడు, కొన్నవాడు, రుసుము తీసుకున్నవాడు ముగ్గురూ బాగానే ఉంటారు. నష్టపోయే నాలుగోవాడి సంతకం ఏ కాగితం మీదా ఉండదు.

అందుకే నా మొగ్గు మూడో దారికి: ముందు నీళ్లకు, ఉమ్మడి భూములకు హద్దు గీయండి. గెడ్డ, చెరువు గర్భం, కాలువ గట్టు, పశువుల మేత, శ్మశానానికి దారి, వీటిని ఎవరూ ముట్టకూడదు. మిగిలిన మెట్టలో ఇళ్లకు, షాపులకు కొంత వదులు ఇవ్వండి. గ్రామకంఠాలు, అంటే ఊళ్లో ఇళ్లకని ఉంచిన స్థలాలు, ఎప్పుడో నిండిపోయాయి, పెళ్లయిన పిల్లలకు ఇల్లు ఎక్కడో ఒకచోట కట్టాలి కదా.

ఈ గీత ఆఫీసులో గీస్తే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని బీల, అంటే చిత్తడి నేల, చూపించింది. పనికిరాని భూమి అనుకుని థర్మల్ ప్లాంటుకు ఇచ్చిన చోట, ఊళ్లకు వరి నీళ్లు, చేపలు, పశువుల మేత ఉన్నాయి. 2010 జూలై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే పర్యావరణ అనుమతి రద్దయింది. 2011 ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలోనూ తంపర (చిత్తడి) భూముల కోసం రక్తం పారింది. ఆ భూమిని వాడుకుంటున్నవాళ్లను ముందే అడిగి ఉంటే ఇన్ని శవాలు లేచేవి కావు.

గ్రామసభకే అన్నీ వదిలేస్తే రియల్ ఎస్టేట్ వాళ్లు సర్పంచ్‌ను పట్టుకుంటారు అని కొందరంటారు. నిజమే, ఆ భయం ఉంది. కాబట్టి నీటి హద్దులను సభ ఓటుకు పెట్టకూడదు. చెరువులు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, ఆ బలం ఊరికి ఉంది. సభ తేల్చాల్సింది మిగతా భూమి గురించి.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే గ్రామసభలో గ్రామ పటం తెప్పించి, గెడ్డలు, చెరువులు, పాత దారులు పెద్దవాళ్లతో గుర్తు పెట్టించండి. కొత్త లేఅవుట్ వస్తే అది ఏ కాలువ మీద పడుతోందో అందులో చూడండి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం పంచాయతీ పేరున నిజంగా రాసిచ్చారో లేదో కూడా అదే రోజు అడగండి. రాసివ్వని చోట ప్లాట్ల అమ్మకం మొదలవకముందే కలెక్టర్‌కు పిటిషన్ పెట్టండి.