డిమినుఎండో, డెక్రెషెండో, హెయిర్‌పిన్: స్వరలిపిలో ఏది మేలు?

ధ్వని క్రమంగా తగ్గాలని చెప్పడానికి డిమినుఎండో రాయాలా, డెక్రెషెండో రాయాలా అని తరచూ అడుగుతుంటారు. అర్థం దాదాపు ఒకటే. ఇటాలియన్‌లో మొదటిది ‘తగ్గుతూ’, రెండోది ‘పెరుగుతూ’ అనే క్రెషెండోకు వ్యతిరేకం. రెండూ ధ్వని తీవ్రత గురించే చెబుతాయి, వేగం గురించి కాదు.

నా ఓటు డిమినుఎండోకే. స్వరలిపిని మొదటిసారి చూస్తూ వాయించేవాళ్లకు ఒక్కో మాట మీద కన్ను నిలిచేది క్షణమే. డెక్రెషెండోను కుదించి రాసే ‘డెక్రెష్.’ (decresc.)లో క్రెషెండోను కుదించిన ‘క్రెష్.’ (cresc.) మొత్తం దాగి ఉంది. ముందున్న రెండక్షరాలు కంటికి ఆనకపోతే తగ్గాల్సిన చోట పెంచేస్తారు. డిమినుఎండోను కుదించిన ‘డిమ్.’తో ఆ భయం లేదు.

ఒకటి రెండు బార్లలో (స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే తాళ భాగాల్లో) ముగిసేదానికి హెయిర్‌పినే, అంటే > ఆకారంలో సాగదీసి గీసే గుర్తే హాయి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కంటికే తెలుస్తుంది. కానీ మరీ పొట్టిగా గీస్తే యాక్సెంట్‌లా (ఒక్క స్వరాన్ని నొక్కి వాయించమనే గుర్తులా) కనిపిస్తుంది. షూబర్ట్ రాతప్రతుల్లో ఏది యాక్సెంటో ఏది హెయిర్‌పినో తేల్చడం సంపాదకులకు పెద్ద తలనొప్పి. నాలుగైదు బార్లు దాటితే ‘డిమ్.’ రాసి, చుక్కల గీత లాగి, చివర చేరాల్సిన ధ్వని స్థాయి తప్పక వేయాలి.

ఆ స్థాయి లేకపోతే ఏమవుతుందంటే, గుర్తు కనపడగానే అందరూ ఒక్కసారిగా తగ్గిపోతారు. రెండో బార్‌కే పియానో, అంటే మెల్లని స్థాయి, వచ్చేస్తుంది, ఇక దిగడానికి మెట్లుండవు. నాలుగు బార్లలో ఫోర్టే (గట్టి స్థాయి) నుంచి పియానోకు రావాలంటే మొదటి బార్ ఫోర్టేలోనే నడవాలి. తర్వాత మెజో ఫోర్టే (ఓ మోస్తరు గట్టిగా), మెజో పియానో (ఓ మోస్తరు మెల్లగా), చివరి బార్‌లో పియానో.

మోరెండో, పెర్దెండోసి అనే మాటలు ముగింపుల్లో ధ్వని పూర్తిగా కరిగిపోవాల్సిన చోటికే. కలాండో (ఇదీ ధ్వని తగ్గించమనే మాటే) రాస్తే చాలామంది వేగం కూడా తగ్గిస్తారు, అది మీకు కావాలంటేనే రాయండి.

ఏది రాసినా శ్రుతి చూసుకోవాలి. ధ్వని తగ్గేకొద్దీ ఫ్లూట్ శ్రుతి దిగుతుంది, క్లారినెట్ శ్రుతి ఎక్కుతుంది. రెండూ కలిసి వాయిస్తే చివరి స్వరం దగ్గర ఎడం బయటపడుతుంది. ఫ్లూట్ వాళ్లు పెదాల మధ్య సందు చిన్నది చేసి గాలి వేగం నిలపాలి, క్లారినెట్ వాళ్లు పెదాల పట్టు కాస్త సడలించాలి. పియానో వాద్యం మీద ఒకసారి నొక్కిన స్వరం దానంతటదే తగ్గిపోతుంది. కాబట్టి పొడుగు స్వరం తర్వాతిదాన్ని, ముందుది మొదట మోగినంతగా కాక, చివరికి మిగిలినంత మెల్లగా అందుకోవాలి.