స్టాంపుల పరీక్ష కిట్: భూతద్దానికి మార్కులు, టార్చికి మొట్టికాయ

నకిలీ స్టాంపులు పట్టడానికి ఆన్‌లైన్‌లో వెయ్యి లోపు దొరికే కిట్ ఇది. పదింతలు చూపే భూతద్దం, స్టాంపు అంచు పళ్ళు కొలిచే ప్లాస్టిక్ గేజ్, యూవీ (అతినీలలోహిత) టార్చి, వాటర్‌మార్క్ (కాగితం లోపలి గుర్తు) చూసే నల్ల గిన్నె. రాజమండ్రి, అమలాపురం వైపు పాత ఉత్తరాల కట్టలు కొనేవాళ్ళకి పనికొస్తుందా అంటే, సగం వస్తుంది.

పెట్టిన డబ్బు భూతద్దంతోనే గిట్టుతుంది. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్టాంపుల సెట్లో పది రూపాయలదాని సంగతి చూడండి. అసలుది స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే ప్రెస్ ఫోటోగ్రావ్యూర్‌లో (చెక్కిన గుంటల్లో సిరా నింపి అచ్చేసే పద్ధతి) వేసింది. అద్దం కింద గాంధీజీ చెంప మీద నీడ సన్నటి జల్లెడ గళ్ళలా, వరస తప్పకుండా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ (మామూలు ప్రెస్) నకిలీలో రంగు చుక్కలు గుత్తులుగా ఉంటాయి. ఇంటి ప్రింటర్ సరుకైతే చుక్కలకి వరసే ఉండదు.

ఓవర్‌ప్రింట్లకీ (స్టాంపు మీద తర్వాత కొట్టిన అచ్చు) ఇదే అద్దం. ఆ గాంధీ స్టాంపుల మీద గవర్నర్ జనరల్ వాడకానికి ‘సర్వీస్’ అని వేసినవి 100 సెట్లే, కాబట్టి చవగ్గా ఎదురైతే దణ్ణం పెట్టి వచ్చేయండి. యానాం పక్కనే ఉంది కనక ఫ్రెంచ్ ఇండియా స్టాంపులూ మన చేతికి వస్తుంటాయి. వాటి మీద ‘ఫ్రాన్స్ లిబ్ర్’ (స్వేచ్ఛా ఫ్రాన్స్) అచ్చుకి దొంగవి బాగా ఉన్నాయి. అక్షరం గీత, పోస్టు ముద్ర గీత ఒకదాన్నొకటి దాటే చోట చూడండి. అక్షరం సిరా ముద్ర మీదకి ఎక్కిందంటే, స్టాంపు వాడేశాక అచ్చు కొట్టారన్నమాట.

గేజ్ మాత్రం దండగ. దాని మీద 11½ అని ఉన్న వరసలో 2 సెంటీమీటర్లకి పదకొండున్నర చుక్కలు రావాలి. స్టీలు స్కేలు పక్కన పెడితే పావు చుక్క తేడా ఉంది. గాంధీ స్టాంపు పళ్ళు సరిగ్గా 11½. దీంతో కొలిస్తే అసలుదీ నకిలీలాగే తేలుతుంది.

టార్చి పెట్టె మీద వెలుగు తరంగం 365 నానోమీటర్లు అని వేశారు. వెలుగు చూస్తే గది నిండా ఊదా రంగు, అది 395 టార్చి లక్షణం. ఆ ఊదాలో కాగితం మెరుపు మునిగిపోతుంది. రాణి విక్టోరియా, జార్జిల కాలం నాటి కాగితం యూవీ కింద మొద్దుగా ఉండాలి, నీలి తెలుపుగా వెలిగితే అనుమానించాలి. సర్ఫు నీళ్ళలో నానబెట్టి ఊడదీసిన స్టాంపు అసలుదైనా వెలుగుతుంది. అందుకని వెలుగు ఒక్కటే చూసి నకిలీ అని తేల్చకూడదు.

నల్ల గిన్నె బాగానే ఉంది. స్టాంపు ముంచడానికి లైటర్ పెట్రోలు మనమే కొనుక్కోవాలి, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు. ఫోటోగ్రావ్యూర్ స్టాంపుల్ని అందులో వేయకండి, కొన్ని సిరాలు కరుగుతాయి. గాంధీ స్టాంపుకి వాటర్‌మార్కే లేదు, ముంచే పనే లేదు.

వాడని స్టాంపులా అమ్మడానికి వెనక కొత్తగా పూసిన జిగురును పట్టుకోడానికి కిట్‌లో ఏమీ లేదు, వేలికొసే ఆధారం. పళ్ళ చివర నూగు మెత్తగా తగలాలి. జిగురు నూగులోకి ఇంకితే కొసలు గట్టిగా గుచ్చుకుంటాయి. మన వానాకాలం తేమకి అసలు జిగురు కూడా చెమర్చి కొసలకి అంటుతుంది, కాబట్టి ఈ పరీక్ష మాఘమాసం దాకా ఆపితే మేలు.