మా వేసవి సెలవులు, మా ఆడపడుచు సమ్మర్

మే వస్తే చాలు "మీకేంటండీ, హాయిగా సెలవులు" అని మొదలుపెడతారు అందరూ. నేనిక్కడ యూనివర్సిటీలో చెప్తా, మా ఆడపడుచు టెక్సస్‌లో ప్రొఫెసర్, అక్కడ తనకీ ఇదే మాటట.

మాకు సెలవుల్లోనూ జీతం పడుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ సెలవులిచ్చారో లేదో స్పాట్ వాల్యుయేషన్ ఆర్డర్ వచ్చేస్తుంది, ఫ్యాన్ వేస్తే పేపర్లు ఎగిరిపోతాయి, ఆపితే ఉడికిపోతాం, అందుకని కట్ట మీద వాటర్ బాటిల్ పెట్టుకుని చెమటలు తుడుచుకుంటూ దిద్దుతుంటాం. యూజీసీ రూల్ ప్రకారం సెలవుల్లో డ్యూటీ చేసిన రోజుల్లో మూడో వంతు ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, అంటే తర్వాత జీతంతో వాడుకునే సెలవు) కింద జమ అవ్వాలి, అంటే 15 రోజులు చేస్తే 5. ఆ 5 కోసం ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరిగానో అడక్కండి.

మా ఆడపడుచుది ఏడాదికి 9 నెలల అపాయింట్‌మెంట్. వేసవిలో ఎవరూ క్లాసుకి రమ్మనరు, జీతమూ ఇవ్వరు. కొందరు ఆ 9 నెలల జీతాన్నే 12 ముక్కలు చేసి తీసుకుంటారు, లేదంటే సమ్మర్ కోర్సు చెప్పుకోవాలి, రీసెర్చ్ గ్రాంట్ ఉంటే అందులోంచి తీసుకోవాలి, అదీ ఎన్‌ఎస్‌ఎఫ్ (అక్కడ రీసెర్చ్‌కి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) అయితే మామూలుగా ఏడాదికి 2 నెలల జీతం దాటనివ్వదు. పోయినేడాది మే చివర్లో వచ్చింది, మేమంతా ఆవకాయ ముక్కలు తుడుస్తుంటే తను లాప్‌టాప్ ముందేసుకుని గ్రాంట్ ప్రపోజల్ రాస్తోంది, మా అత్తయ్య "సెలవులకొచ్చావా ఆఫీసుకొచ్చావా" అని ఒకటే గొడవ.

డబ్బు టెన్షన్ లేదు కాబట్టి నాకు మన పద్ధతే నయం. రాసుకునే టైమ్ విషయంలో మాత్రం తనదే అదృష్టం, నా రీసెర్చ్ పేపర్ డ్రాఫ్ట్ పోయిన వేసవి నుంచి అలాగే పడుంది.