వాగ్దాన వచనమా, వరుస పఠనమా?

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు, అంటే ఒక బైబిల్ వచనం రాసి ఉన్న కార్డు, ఏడాదంతా బైబిల్లో భద్రంగా ఉంటుంది. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఇంకో వచనం వస్తుంది. ఆసుపత్రి వరండాలో టెన్షన్‌తో కూర్చున్నవాళ్లకు ఆ ఒక్క వాక్యమే ఎంతో ఊరట. దాన్ని నేను తక్కువ చేయను.

అయినా రోజూ చదువుకోవడానికి నా ఓటు వరుస పఠనానికే, అంటే బైబిల్‌ను అధ్యాయం తర్వాత అధ్యాయంగా చదవడానికే. యిర్మీయా 29:11 చూడండి. దేవుని ఉద్దేశాలు మేలు కోసమే తప్ప హాని కోసం కావన్న ఈ మాట మన కార్డుల్లో తరచూ కనిపిస్తుంది. అధ్యాయం మొత్తం చదివితే, అది సొంత దేశం నుంచి బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరమని తెలుస్తుంది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అంటుంది ఆ ఉత్తరం. పైగా పదో వచనంలో, తిరిగి రావడానికి 70 ఏళ్ల గడువు! విన్న పెద్దవాళ్లలో చాలామందికి తిరుగు ప్రయాణం చూసే వయసు మిగలదు. ఉద్యోగం కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి కావలసిన ఓపిక ఈ ముందు వచనాల్లోనే ఉంది, కార్డు మీద కాదు.

66 పుస్తకాల బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. బలులు, నియమాలతో నిండిన లేవీయకాండం దగ్గర చాలామంది ఆగిపోతారు. అలాంటప్పుడు మార్కు సువార్త అందుకోండి, 16 అధ్యాయాలే.